ఎలీశమ్మ గుర్తుపట్టిన ఓటరు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ రోజుల్లో పుట్టిన పిల్లల్లో సగంమంది ఎలీశమ్మ చేతుల్లో పడ్డవాళ్లే. ఆమె మంత్రసాని. నల్లగొండ వైపు పల్లె నుంచి మేస్త్రీ పని చేసే భర్త స్తెఫనుతో వచ్చింది. ఆయన పోయాక ఒక్కగానొక్క కొడుకుతో ఇక్కడే ఉండిపోయింది. ఎవరింటి నుంచి కబురొచ్చినా చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పరుగెత్తేది. నోరు మాత్రం పెద్దది. నొప్పులు పడుతున్నవాళ్లను కూడా కసిరేది.

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఆమె కొడుకు దేవానందం మోకాలు పోయింది. పోలీసులు తరుముతుంటే అతను సందులోకి ఉరికి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ బ్యాంకు గుమాస్తా భానుమూర్తి ఇంటి తలుపు బాదాడు. లోపల మనుషులున్నారు. అయినా తలుపు తెరుచుకోలేదు. ఆ గుమ్మం ముందే మోకాలి చిప్ప పగిలింది.

అప్పటి నుంచి భానుమూర్తి ఎదురైతే ఎలీశమ్మ నేలమీద ఉమ్మేది. కానీ మరుసటి నెలలో ఆయన భార్య సూర్యప్రభకు కాన్పు కష్టమైతే మాత్రం వెళ్లింది. మొగుడు చేసినదానికి ఆమె ఏం చేస్తుంది పాపం, అనుకుంది. అడ్డం తిరిగిన బిడ్డను బయటికి తీసి, తల్లి పక్కన పడుకోబెట్టి, గుమ్మంలో నిలబడ్డ తండ్రి ముఖం చూడకుండా వచ్చేసింది.

డెబ్బైరెండులో అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. మలక్‌పేట నియోజకవర్గంలో మా వైపు ఆడవాళ్ల పోలింగు కేంద్రంలో, ప్రత్యేక రాష్ట్రం కావాలన్న పార్టీ తరఫున ఎలీశమ్మను ఏజెంటుగా కూర్చోబెట్టారు. ఆడవాళ్ల ముఖాలన్నీ తెలిసిన మనిషి ఆమె తప్ప ఇంకెవరున్నారు? పార్టీ మనిషి కొమరయ్య పొద్దున్నే వచ్చి చెవిలో వేశాడు.

“అక్కా, ఆంధ్రోళ్ల ఆడోళ్లు ఒస్తే నాకెరుక లేదను. గంతే. ఇగ ఆఫీసరు చూస్కుంటడు.”

“ఏం చూస్కుంటడు?”

“దొంగ ఓటని పోలీసోళ్లకు అప్పజెప్తడు. ఒక్కతిని పట్టిస్తే మిగిలినోళ్లు ఇల్లు కదలరు.”

ఎలీశమ్మ కొంగు బిగించుకుని లోపలికి నడిచింది.

పోలింగు మొదలైంది. అధికారి “భర్త పేరు?” అని అడగడం, ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎలీశమ్మ వైపు చూడడం. మొగుడి పేరు మొగుడు లేనిచోట కూడా పలకకూడదాయె. “రాములమ్మ పెనిమిటి లచ్చయ్య, రాస్కో సారూ” అంటూ బస్తీలోని మగవాళ్ల పేర్లన్నీ ఎలీశమ్మే చదివేసింది. వరసలో నవ్వులే నవ్వులు. ఈలోగా ఎవరి ఓటో వేయడానికి వచ్చిన ఒకామె భర్త పేరు తప్పు చెప్పి దొరికిపోయింది. దాంతో అధికారి ముఖం గంటు పెట్టుకున్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

సరిగ్గా అప్పుడే సూర్యప్రభ వచ్చింది.

“భర్త పేరు?”

ఆమె తల వంచుకుంది. “మూర్తిగారండీ.”

“ఏ మూర్తి? పూర్తి పేరు చెప్పాలమ్మా.”

ఆమె పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. వెనకాల ఆమె తరఫున పలికేందుకు వాళ్లవాళ్లు ఒక్కరూ లేరు. భయపడి ఎవరూ రాలేదు. రెండో పార్టీ ఏజెంటు కొత్తవాడు, తెలియదన్నాడు. అధికారి తలుపు దగ్గరున్న పోలీసుకు సైగ చేశాడు.

“ఏజెంటమ్మా, ఈమె మీకు తెలుసా?”

కిటికీ అవతల కొమరయ్య నిలబడి చూస్తున్నాడు. తెలియదంటే చాలు, ఆ ఇంటి పరువు పోలీసు జీపెక్కుతుంది. మూడేళ్ల కసి తీరుతుంది. కొడుకు కాలీడ్చుకుంటూ నడిచే చప్పుడు చెవుల్లో తిరిగింది. చెప్పొద్దూ, తెలియదనే అనబోయింది. కానీ తన చేతుల్లో నొప్పులు పడ్డ మనిషిని తెలియదనడానికి నాలుక ఆడలేదు.

“ఆమె సూర్యప్రభనే సారూ. పెనిమిటి భానుమూర్తి. నా కొడుకు పానం అరచేత పట్టుకొని తలుపు కొడితే తియ్యని భానుమూర్తి. నాకు మంచిగ ఎరుక.”

అధికారి జాబితాలో ఆ పేరు దగ్గర గీత గీశాడు. కొమరయ్య కిటికీ దగ్గర్నుంచి విసురుగా వెళ్లిపోయాడు. సూర్యప్రభ ఓటు వేసి, తిరిగి వెళ్తూ ఎలీశమ్మ బల్ల దగ్గర ఆగింది.

“ఆయన తీయబోయారండీ. గడియ పట్టుకుని వదలనిది నేనే. కడుపుతో ఉన్నాను, భయమేసింది. నలుగురిలో ఆయన్ని మీరలా అంటుంటే ఇంక దాచలేకపోయాను.”

ఎలీశమ్మ ఒళ్లు మండిపోయింది. “పో ఈడికెల్లి” అంది.

సాయంత్రం ఇంటికి వచ్చి, కూర్చోకుండానే కొడుకుతో ఆ మాట చెప్పింది. దేవానందం ఉలిక్కిపడలేదు.

“నాకెరుకే అమ్మా. గడియ కాడ గాజుల చప్పుడు ఇన్న.”

“మూడేండ్ల సంది నాకెందుకు చెప్పలేదురా?”

“గప్పటికే ఆమెకు నెలలు నిండినయ్. చెప్తే నువ్వు కాన్పుకు పోకపోదువు.”

ఎలీశమ్మ అక్కడే గోడకు చేరగిలబడి ఏడ్చింది. పోయేదాన్నేరా అని కొడుకుతో అనాలనుకుంది గానీ, అనలేకపోయింది.