నాలుగో ఏటి ఒడిబియ్యం

గద్వాల నుంచి నాగర్‌కర్నూలు పోవాలనుకునేవారికి ముందే ఒక మాట: సద్ది కట్టుకోండి, నీళ్లచెంబు మరవకండి, బస్సును మాత్రం నమ్మకండి. యుద్ధం రోజులు. పెట్రోలు లేక బస్సులన్నీ బొగ్గు పొగతో నడుస్తున్నాయి. టికెట్టు కొన్న పాపానికి ఎక్కినవాళ్లంతా ఎక్కడో ఒకచోట దిగి తోయవలసిందే. ఇవన్నీ తెలిసి కూడా మా అమ్మను ఆ దారిన తీసుకుపోయాను. అమ్మ అడిగింది, కాదనే గుండె నాకు లేదు.

దసరాకు ముందు అమ్మను పట్నం దవాఖానలో చూపించాను. రొమ్ములో గడ్డ. ఏడాదిగా దాచింది. అది పుండై పైటకు తడి అంటేదాకా నాన్నకు కూడా చెప్పలేదు. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి ఉర్దూలో చెబుతూ, మధ్యలో క్యాన్సర్ అని ఒక ఇంగ్లీషు మాట అన్నది. చంక దాకా పాకిందట. కోసినా లాభం లేదట. ఈ దసరా గడిచినా ఇంకోటి చూడటం కష్టమట. అమ్మకు ఉర్దూ రాదు.

"ఏమన్నదిరా?" అని అడిగింది.

"ఏం లేదమ్మా, లేపనం రాస్తే కరుగుతదంట," అన్నాను.

అమ్మ నా మొహం కాసేపు చూసింది. "అయితే నన్ను నాగర్‌కర్నూలు తీస్కపో. మా అన్నతోని ఒడిబియ్యం పోయించుకుంట," అన్నది.

ఒడిబియ్యం తెలియనివారి కోసం చెబుతున్నాను. మా దిక్కు పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. వాటిని అత్తింట్లో వండి నలుగురికీ పెట్టాలి. మూడో ఏడు పోయవచ్చు, ఐదో ఏడు పోయవచ్చు, సరి సంవత్సరంలో మాత్రం పోయకూడదు. అమ్మకు పోసి నాలుగేళ్లే అయింది. ఐదో ఏటి దాకా ఆగుదామని ఏ నోటితో అనను? పైగా పుట్టింట్లో తన రోగం సంగతి ఎత్తొద్దని నాతో ఒట్టు పెట్టించుకుంది. "ఏడ్చుకుంట పోసే బియ్యం నాకొద్దు," అన్నది.

నాన్నకు మగ్గం మీద చీర ఉంది, రాలేనన్నాడు. దసరా కాగానే మేమిద్దరమే పొద్దుటి రైలు బండి ఎక్కాం. కృష్ణ వంతెన మీదికి రాగానే అమ్మ కిటికీ ఊచలు పట్టుకుని చిన్నపిల్లలా లేచి నిలబడింది.

"నన్ను లగ్గం చేసి తెచ్చినప్పుడు ఈ వంతెన యాడిది? పుట్టిల ఏరు దాటించిండ్రు. అది గిర్రున తిరుగుతుంటే భయమై ఏడ్చిన. ఎవరో పక్కన గూసొని 'ఏడువకు, ఒడ్డు వచ్చె' అన్నడు. చూస్తే మీ నాయిన!"

ఎదుటి బల్ల మీది ముసలి బీబమ్మ పకపకా నవ్వింది. అంతలో అమ్మ పైట తడిసింది. కట్టు మార్చాలి, డబ్బా నిండా జనం. అమ్మ ఏమీ చెప్పకుండానే బీబమ్మ లేచి తన చద్దరు విప్పి అడ్డం పట్టింది. "జర అటు మొఖం పెట్టు బేటా. నీకేం పని ఈడ?" అని నన్నే గదమాయించింది. వనపర్తి రోడ్డులో మేము దిగుతుంటే అమ్మ చెయ్యి పట్టుకుని, "అల్లా సల్లగ చూడాలె," అన్నది.

స్టేషను బయట నుంచి వనపర్తికి బస్సు. చెప్పానుగా, చిన్న చడావు ఎక్కలేక ఆగిపోయింది. మేమంతా తోస్తుంటే అమ్మ లోపలి నుంచి, "ఇంకా జర గట్టిగ తొయ్యిరా, పొద్దున మూడు రొట్టెలు తిన్నవు గదా!" అని అందరికీ వినబడేలా అన్నది. నా పరువు కాస్తా బొగ్గు పొగలో కలిసింది. ఆ రాత్రి సత్రంలో దిగాం. గదులు శుభ్రమే, నల్లులు మాత్రం మనకంటే ముందే చేరి ఉంటాయి.

తెల్లారి గోపాల్‌పేట మీదుగా సవారి బండి. ఈ దారిలో ఎవరైనా ఎద్దుబండి మీదే పోవాలి. తంగేళ్లు ఇంకా పూసే ఉన్నాయి, చేలల్లో పల్లీ పీకుతున్నారు. అమ్మ ప్రతి గుట్టనూ పేరు పెట్టి పలకరించింది. ఒక వాగు దగ్గర బతుకమ్మకు పువ్వులు కోయబోయి జారిపడిందట. ఒక గుట్ట మీద సీతాఫలాలు దొంగతనంగా కోసి, అన్న వీపు మీద దెబ్బలు వేయించిందట. "తిన్నది నేను, తన్నులు మా అన్నకు!" అని నవ్వింది. నేను పుట్టినప్పటినుంచీ ఎరిగిన మనిషి, ఈమెకు ఇంత అల్లరి ఎప్పుడుండిందో! బండి ఆపించి సీతాఫలాలు కొన్నాను. గింజలు ఎంత దూరం ఉమ్ముతామో చూద్దామని నాతో పందెం వేసింది. నేను ఓడిపోయాను.

దీపాల వేళకు మామ ఇల్లు చేరాం. మామ ఎగిరి గంతేసినంత పని చేశాడు. తెల్లారి అమ్మ ఒడిబియ్యం మాట ఎత్తగానే మామ భార్య వేళ్లు మడిచి లెక్క పెట్టింది. మా అత్తమ్మ ఆచారం దగ్గర అంగుళం జరగదు.

"ఓ నర్సమ్మా, గిదేం లెక్కనే? పోసి నాలుగేండ్లేనాయె. సరి యాడాది పోస్తరా ఎవరన్న? వచ్చే దసరాకు రా, మంచి చీర వెట్టి పోస్త."

అమ్మ, "గట్లనే తియ్యి వదినా," అని నవ్వింది. ఆ నవ్వు చూడలేక వాకిట్లోకి వచ్చేశాను. వచ్చే దసరా లేదత్తమ్మా అని అరవాలనిపించింది. ఒట్టు అడ్డం వచ్చింది. ఇంత దూరం వచ్చి ఉత్త ఒడితో వెనక్కి పోతామా?

అత్తమ్మ నీళ్లు కాచి, అమ్మకు తలంటుతానని బయల్దేరింది. అమ్మ వద్దంటే వద్దని ఒక్కతే స్నానాల తడికె చాటుకు పోయింది. "నీ సిగ్గు పాడుగాను, నా ముంగట పెరిగినదానివే!" అంటూ అత్తమ్మ చెంబుతో సహా తడికె లోపలికి దూరింది. చెంబు కింద పడిన చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు నీళ్ల చప్పుడు మాత్రం వచ్చింది.

బయటకు వచ్చిన అత్తమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేరుగా మామ దగ్గరికి పోయింది.

"ఏమయ్యో, నేనే తప్పు లెక్కవెట్టిన. పోసిన ఏడు గూడ కలుపుకుంటే ఐదు. లే, బియ్యానికి పసుపు కలుపు."

మామ నోరు తెరవబోయి, ఆమె మొహం చూసి లేచాడు.

అమ్మను పీట మీద కూర్చోబెట్టి, నొప్పి వైపు ఒరుసుకోకుండా కొంగును అత్తమ్మే సర్దింది. మామా అత్తమ్మా దోసిళ్లతో పోశారు. అమ్మ తన ఒడిలో నుంచి తిరిగి గుప్పెళ్లు తీసి పుట్టింటి బియ్యపు కుండలో వేసింది. "మా అన్న ఇల్లు సల్లగుండాలె," అన్నది. ఒక్కరూ ఏడవలేదు. నాకు వాళ్ల ముగ్గురి కాళ్లకూ మొక్కాలనిపించింది.

బండి కదిలేటప్పుడు అత్తమ్మ నా చేతిలో ఒక మూట పెట్టింది. మెత్తని పాత చీర చింపి, ఉడకబెట్టి ఆరేసిన గుడ్డలు. "కట్టుకు పనికొస్తయి అల్లుడా," అన్నది, అంతే.

తిరుగు ప్రయాణంలో బస్సు ఆగలేదు, ఆశ్చర్యమే. ఈ దారి ఎవరికైనా చెప్పదగ్గది కాదు, గుంతలు, దుమ్ము, నల్లులు. నేనైతే పదిసార్లయినా పోతాను. మా అమ్మ పిల్లగా తిరిగిన నేల అది. రైల్లో అమ్మ పసుపు బియ్యం మూట ఒడిలో పెట్టుకుని కూర్చున్నది.

"ఇగ చెప్పు. డాక్టరమ్మ ఏమన్నది?"

ఇక అబద్ధం నోట రాలేదు. "రాచపుండంట అమ్మా. ముదిరిందంట."

"మరి? గద్వాల సంస్థానంల బతికినదాన్ని, రాచరోగం గాక నాకు చిన్న రోగం వస్తదారా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. జనం చూస్తున్నా ఆగలేక భోరుమన్నాను. అమ్మ నా తల తన మంచి వైపుకు లాక్కున్నది.

"ఏడువు. పట్నంల నీ మొఖం చూసినప్పుడే నాకు తెల్సింది. నాకేమో ఒడి నిండింది. నువ్వొక్కనివే ఎన్ని దినాలు మోస్తవని అడిగిన."

కృష్ణ దాటేదాకా ఏడ్చాను. గద్వాల రాగానే అమ్మ నన్ను తట్టి లేపింది. "దిగు. రేపు వాడకట్టంత అన్నానికి పిలువాలె. కూరగాయలు తేవాలె, నడువు."