రాతిలో ఉన్న నాలుగో పన్ను

దయ్యాల గురించి నన్నడిగితే ఒకటే చెబుతాను: చూపించండి, కొలుస్తాను. ఒంగోల్లో మా అమ్మ నా మెడలో కట్టిన తాయెత్తుని ఇంటర్లో ఉండగానే విప్పి, లోపల ఏముందోనని కాలేజీ మైక్రోస్కోప్ కింద పెట్టి చూసినదాన్ని. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అప్పుడూ ఇప్పుడూ నేను ఆ రకమే.

1999, వైటూకే హడావిడి నడుస్తున్న రోజులవి. కంప్యూటర్లలో తేదీలు సరిచేసే ఉద్యోగం మీద మా ఆయన రఫీ సిడ్నీ వచ్చాడు. వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాట్. భూగర్భశాస్త్రంలో డాక్టరేట్ చేసిన నాకు ఒక మ్యూజియంలో ఆరు నెలల తాత్కాలిక పని దొరికింది. "నేను వచ్చే ఏడాదిని బాగుచేస్తున్నా, నువ్వు కోట్ల ఏళ్ల కిందటి ఎముకలు కడుగుతున్నావు. మనింట్లో ఇవాళ్టి సంగతి చూసేవాళ్లే లేరు నూరీ" అని రఫీ ఏడిపించేవాడు.

నిజంగానే నా పని కడగడం. క్వీన్స్‌లాండ్ నుంచి తెచ్చిన సున్నపురాయి ముక్కలో పిల్లి అంత మాంసాహార జంతువు దవడ ఇరుక్కుని ఉంది. కంగారూలాగే పిల్లల్ని సంచిలో మోసే రకం. ఆ రాయిని వెనిగర్ లాంటి పలచటి ఆమ్లంలో ముంచితే రాయి కరుగుతుంది, ఎముక మిగులుతుంది. బయటపడినంత మేర జిగురు పూసి, నీళ్లలో రోజుల తరబడి ఉంచి, ఆరబెట్టి, మళ్లీ ముంచాలి. తొందరపడితే ఎముక పొడైపోతుంది.

మ్యూజియంలో మా పెద్దాయన పేరు గ్రాహం. పేరు పెట్టి పిలవమని పోరేవాడు. నాకు నోరు రాక సర్ అనేదాన్ని. ఆయనది ఒకటే నియమం. ప్రతి మునక తర్వాత దవడని మైక్రోస్కోప్ కింద పెట్టి బొమ్మ గీయాలి. బొమ్మనీ దవడనీ పోల్చి చూసి ఆయన తేదీ వేసి సంతకం పెడతాడు. ఇది ఊహించి గీసే బొమ్మ కాదు. మైక్రోస్కోప్‌కి ఒక అద్దం బిగించి ఉంటుంది. అందులో ఎముకా, కాగితం మీది పెన్సిల్ మొనా ఒకేసారి కనిపిస్తాయి. కనిపించిన అంచు వెంట పెన్సిల్ నడపడమే మన పని.

ఇది కొత్త జాతి అని నాకు గట్టి నమ్మకం. అదే నిజమైతే దానికి పేరు పెట్టి లోకానికి చెప్పే వ్యాసం నాది. కానీ బయటపడిన మూడు దవడపళ్లూ అంతకుముందే తెలిసిన ఒక జాతి పళ్లలాగే ఉన్నాయి. "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు" అని రఫీ నవ్వేవాడు. తేడా అంటూ ఉంటే నాలుగో పన్నులోనే ఉండాలి. అది ఇంకా రాతిలో ఉంది.

ఒక గురువారం మధ్యాహ్నం బొమ్మ పూర్తి చేసి గ్రాహం చేతికిచ్చాను. ఆయన దవడని చూశాడు, బొమ్మని చూశాడు, మళ్లీ దవడని చూశాడు.

"నూర్, ఈ నాలుగో పన్ను ఎక్కడుంది?"

కాగితం మీద నాలుగు పళ్లున్నాయి. నాలుగోదానికి వెనకవైపు చిన్న బుడిపె. పన్ను మీద ఏటవాలుగా సన్నటి పగులు, సగంలో ఎడమకి తిరిగింది. మైక్రోస్కోప్‌లో చూస్తే ఆ చోట గరుకు రాయి తప్ప ఏమీ లేదు. అది గీసినట్టు నాకు గుర్తే లేదు. గీతలో మాత్రం ఎక్కడా తడబాటు లేదు.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. గ్రాహం గొంతు పెంచలేదు. "కనిపించింది కాకుండా కావలసింది గీస్తే ఈ దవడ నీ చేతికివ్వలేను. ఇంకోసారి జరిగితే వేరేవాళ్లకి ఇస్తాను" అన్నాడు. ఆ పన్నుని ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసి, పొరపాటున గీశానని పక్కన రాసి సంతకం పెట్టాను. అక్కడ రాయే ఉందని రాసి కింద ఆయనా పెట్టాడు. రెండు రోజులు సెలవు పెట్టమని రఫీ పోరినా నేను పెట్టలేదు.

మరో రెండు మునకలయ్యాయి. ఒక ఉదయం ఆరబెట్టిన ట్రే తీసి చూస్తే నాలుగో పన్ను బయటికొచ్చి ఉంది. వెనకవైపు బుడిపె. తెలిసిన జాతికి అది లేదు. కొత్త జాతే. ఎగిరి గంతేయాల్సిన నేను నోటుపుస్తకం వెనక్కి తిప్పాను. ఎందుకంటే పగులు కూడా ఉంది.

నేనే దవడనీ నోటుపుస్తకాన్నీ గ్రాహం బల్ల మీద పెట్టాను. దాచే అలవాటు నాకు లేదు. కొట్టేసిన బొమ్మని ఆయన పలచటి కాగితం మీదికి ఎక్కించి అద్దంలో పోల్చాడు. బుడిపె అంచు కలిసింది. పగులు మొదలైన చోటు, తిరిగిన చోటు కలిశాయి. నేను ముందే సూదితో తవ్వి చూశానని ఎవరైనా అనొచ్చు. ఆ రోజు అక్కడ రాయి ఉందని ఆయనే సంతకం చేశాడు కాబట్టి ఆ మాట ఆయన అనలేదు.

బుడిపె సంగతి నేను ఒప్పుకుంటాను. దగ్గరి జాతుల పళ్లు వందల్లో చూశాను, తేడా కావాలని కోరుకున్నాను, చేయి ఊహించి ఉంటుంది. పగులు కూడా ఏదో ఒకలా సరిపెట్టుకునేదాన్నే. అంతలో గ్రాహం మైక్రోస్కోప్ వదిలి, "నువ్వొకసారి చూడు" అన్నాడు.

ఆ దవడలో పాత పగుళ్లు చాలా ఉన్నాయి. అన్నిట్లోనూ గోధుమరంగు దిగి ఉంది, రాతిలో ఉన్నన్నాళ్లూ ఇంకిన రంగు. ఈ పగులు మాత్రం తెల్లగా, శుభ్రంగా ఉంది. ఆఖరి మునక తర్వాత మా ట్రేలో ఆరుతుండగా పడ్డ పగులు అది.

జాతి నిలబడింది, వ్యాసం నా పేరుతో వచ్చింది. ఆ బొమ్మ అందులో లేదు, కొత్తగా గీశాను. గ్రాహం రిటైరయ్యేదాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అన్నిటికీ ఏదో ఒక జవాబు చెప్పే నేను దీనికి మాత్రం ఇన్నేళ్లయినా చెప్పలేను. నేను గీసిన గురువారం నాటికి ఆ పగులు రాతిలో లేదు, పన్ను మీద లేదు. నా కాగితం మీద ఒక్కచోటే ఉంది.