నేను మోసిన ఆయిలింజను

ఆ రోజుల్లో డబ్బు కంటికి కనిపించేది, చేతికి తగిలేది, నలిగిన కాగితం వాసన వేసేది. నా విషయానికొస్తే ఒక పూటంతా పొట్టకి గుచ్చుకుంది కూడా. ఇప్పుడు నా మనవరాలు కూరగాయల బండి దగ్గర ఫోను అలా చూపించి ఇలా వచ్చేస్తుంటే, నిజంగా ఇచ్చిందో లేదో తెలియక నేను బండివాడి మొహంలోకి తొంగి చూస్తుంటాను. (ఇచ్చేశాను అమ్మమ్మా, పద, అని విసుక్కుంటుంది.) అలాంటప్పుడల్లా మా అత్త గుర్తొస్తుంది. అత్తంటే, నా చిన్నప్పుడే పోయిన మా నాన్నకి అక్క. శ్రీకూర్మం దగ్గర మా ఊళ్ళో, మా వీధిలోనే ఉండేది. పెళ్ళైన కొన్నాళ్ళకే మావయ్య పోతే, ఆయన వదిలిపెట్టిన పొలాన్ని ఒంటిచేత్తో సాగుచేసుకునేది. విత్తనాలు కొన్నా, ఎడ్లు కొన్నా, మొత్తం డబ్బు మూటగట్టి పట్టుకెళ్ళి ఎదటివాడి ముందు పెట్టడమే ఆవిడ పద్ధతి. అరువు లేదు, వాయిదా లేదు, కాగితాల గొడవ అసలే లేదు.

అరవైల చివర్లో ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. నారుమడి ఎర్రబడిపోతోంది. అత్త నూతిలో నీళ్ళున్నాయి గానీ, ఏతాంతో తోడితే నారు నాలుకైనా తడవదు. విజయనగరం వెళ్ళి ఆయిలింజను కొంటానని అత్త అనేసరికి ఇంటిల్లిపాదీ నోళ్ళు వెళ్ళబెట్టాం. నిల్వ ఉంచుకున్న ధాన్యం ఆమదాలవలసలో అమ్మేసింది. చేతి గాజులు కూడా అమ్మేసింది. ఇక ఆ డబ్బు తప్ప ఆవిడకి వెనకా ముందూ ఏమీ లేదు. నేను అప్పుడే ఎస్సెస్సెల్సీ ప్యాసై ఇంట్లో ఉన్నాను. మా వీధిలో అంత చదివిన ఆడపిల్ల నేనొక్కదాన్నే, ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకునేదాన్ని. అందుకని అత్తని కూర్చోబెట్టి బ్యాంకు డ్రాఫ్టు గురించి చెప్పాను. డబ్బు శ్రీకాకుళంలో కట్టేసి కాగితం పట్టుకెళ్తే చాలునని, ఆ కాగితం దొంగ ఎత్తుకుపోయినా వాడికి ఒరిగేదేమీ ఉండదని బోధించాను. అత్త చేటలో బియ్యం చెరుగుతూ అంతా విని, "నీకు బాగా తెలుసే గుంటా. పాత దుప్పటొకటి సూడు, నీ పొట్టకి కట్టాలి," అంది. పాపం చదువు లేదు కదా, అని జాలిపడ్డాను.

మూట నాకే ఎందుకు కట్టాలంటే, దొంగన్నవాడు ముందు ముసలిదాని మొల చూస్తాడట, చదువుకున్న పిల్ల జోలికి రాడట. వందరూపాయల కాగితాలకి కూడా అత్త ఒప్పుకోలేదు, ఒకటి జారితే వందా పోతాయని. అన్నీ పదులూ, అయిదులూ, రెండ్రూపాయల నోట్లూ. వాటిని దుప్పటి మధ్యలో పరిచి, మడిచి, నా పొట్టకి చుట్టి, వెనక ముడి వేసింది. ఓణీ అయితే దాగదని మా అమ్మ చీర కట్టించి, పైట భుజాల చుట్టూ కప్పింది. అద్దంలో చూసుకుని, కాస్త ఒళ్ళు చేసినట్టున్నాను, ఫరవాలేదు, అనుకున్నాను. నా తెలివి అక్కడితో ఆగింది.

ఆమదాలవలసలో పాసింజరు ఎక్కేసరికి పెట్టె కిటకిటలాడుతోంది. నన్ను చూడగానే ఒకాయన గబుక్కున లేచి కిటికీ పక్క చోటిచ్చాడు. చదువుకున్న కళ మొహంలో తెలుస్తుంది కాబోలు, అని మురిసిపోతూ కూర్చున్నాను. ఎదురుగా ఉన్న ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎన్నో నెలమ్మా?" అంది. నాకప్పటికి పెళ్ళిచూపులైనా కాలేదు. అత్త వంక చూశాను. అత్త రెప్ప వెయ్యకుండా ఏడు అని చెప్పేసింది. మరేం చెబుతుంది, పొట్ట కాదు డబ్బు మూట అనలేదు కదా. అక్కణ్ణుంచి పెట్టెలో ఆడవాళ్ళందరికీ నేనే పని. మొగుడేం చేస్తాడంటే మిలట్రీలో ఉన్నాడంది అత్త. కాళ్ళకి మెట్టెలేవంటే, వేళ్ళు వాచిపోతే తీసేశామంది. ఎవరో డబ్బా మూత తీసి ఊరిన ఉసిరికాయ చేతిలో పెట్టారు. సిగ్గుతో చచ్చిపోతూనే తిన్నాను. (చాలా బాగుంది.)

గరివిడి దాటాక రైలు ఒక్క కుదుపు కుదిపింది. వెనక ముడి సడలినట్టయింది. చూస్తుండగానే నా ఏడో నెల కాస్తా ఎడమపక్కకి ఒరిగిపోయింది. రెండు చేతులా పొట్ట పట్టుకుని ముందుకి వంగిపోయి, "అత్తా, జారిపోతంది," అన్నాను. మెల్లిగా అన్నాననే అనుకున్నాను గానీ పెట్టె అంతా వినిపించింది. ఒక్కసారిగా అందరూ లేచారు. నీళ్ళని ఒకరు, గొలుసు లాగమని ఇంకొకరు. అంతలో, చీపురుపల్లిలో ఎక్కి అంతసేపూ మాట్లాడకుండా తాంబూలం నములుతున్న ఒక భారీ మనిషి, అందరినీ పక్కకి తోసుకుంటూ వచ్చింది. తను మంత్రసానినని, ఎవరూ కంగారు పడొద్దని చెప్పి, మగవాళ్ళని అటు తిరగమంది. ఆడవాళ్ళ చేత ఎవరిదో చీర అడ్డం పట్టించింది. వద్దు వద్దంటున్నా వినకుండా నా పైట కిందికి చెయ్యి పోనిచ్చింది.

నోట్లు గరగరలాడాయి. ఆ చప్పుడు నాకైతే రైలు చప్పుడు కన్నా గట్టిగా వినిపించింది. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తలెత్తి అత్త వంక చూసింది. మా అత్త భయపడగా నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. అప్పుడు చూశాను. ఆవిడ ధాన్యం, గాజులు, ఎండిపోతున్న నారు, అన్నీ ఆ దుప్పట్లోనే ఉన్నాయి. ఈ కొత్త మనిషి ఒక్క మాట బయటికి అంటే చాలు, పెట్టెలో ఎవరు ఎలాంటివాళ్ళో ఎవరికి తెలుసు? మంత్రసాని నోట్లోని తాంబూలం ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చుకుంది. "బిడ్డ సల్లగా ఉన్నాది. కూసింత పక్కకి తిరిగినాది, నాను సరిసేత్తాను. ఎవులూ దగ్గరికి రాకండి," అని పెట్టె అంతటికీ వినబడేలా చెప్పింది. తర్వాత మూట సరిగ్గా సర్ది, నా ప్రాణం పైకి వచ్చేంత గట్టిగా ముడి బిగించి, పక్కన కూర్చుంది. విజయనగరం దాకా ఎవరినీ నా దరిదాపులకి రానివ్వలేదు. గుండెల నిండా ఊపిరి పీల్చుకుందామనిపించింది గానీ, ఆ ముడి పీల్చుకోనిస్తేనా.

స్టేషన్ బయట జట్కాల దగ్గర దాకా మాతోనే వచ్చి, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, ఇంతకీ పుట్టబోయేదేమిటని అడిగింది.

"ఆయిలింజనమ్మా. అయిదు గుర్రాల్ది," అంది అత్త.

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అత్త తన బొడ్డు సంచీలోంచి ఆకువక్కకని రూపాయి తీసిస్తే, పురుడు రాకముందే కూలి ముట్టిందని రూపాయి కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

ఇంజన్ల షాపాయన గల్లాపెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. అత్త చెప్పిందంతా విన్నాడు. విని, మా వెనక గుమ్మంవైపు చూసి, మగవాళ్ళెవరూ రాలేదా, వాళ్ళొస్తే ధర మాట్లాడుకుందాం, అన్నాడు. అత్త నన్ను వెనక గదిలోకి పంపింది. ఏడో నెలతో వెళ్ళినదాన్ని సన్నగా తిరిగొచ్చి దుప్పటి చేతికిచ్చాను. అత్త దాన్ని బల్ల మీద పరిచి విప్పింది. ఆయన లేచి నిలబడ్డాడు. కుర్చీలు తెప్పించాడు, రెండు గోళీసోడాలు తెప్పించాడు. ఏ ఊరు తల్లీ, లారీలో ఎప్పుడు పంపమంటారు, అన్నాడు. మగవాళ్ళ ఊసు మళ్ళీ ఎత్తలేదు. రసీదు రాసి అత్త చేతికే ఇచ్చాడు. నాలుగు రోజుల్లో ఇంజను ఊళ్ళోకి వచ్చింది, నారు బతికింది.

తిరుగు రైల్లో మమ్మల్నెవరూ పట్టించుకోలేదు. కూర్చోడానికి చోటు లేక తలుపు దగ్గర నిలబడ్డాం. డ్రాఫ్టు తెచ్చుంటే ఇంత భయం ఉండేది కాదు కదా అని నేను మళ్ళీ మొదలుపెట్టాను. అత్త బయటికి చూస్తూ, ఒకసారి బ్యాంకుకి వెళ్ళానని చెప్పింది. వేలిముద్ర వేస్తానంటే కాదన్నారట, ఇంటి మగవాడెవరినైనా తీసుకొచ్చి సంతకం పెట్టించమన్నారట. "నోటు మీద సంతకం ముందే సేసీసుంటాది కదే గుంటా. మళ్ళీ ఇంకో మగోడి సంతకం నానెక్కడ తేను?" అంది.

ఎస్సెస్సెల్సీ ప్యాసైన పిల్ల ఖాళీ దుప్పటి బుద్ధిగా మడిచి చంకలో పెట్టుకుంది. పొట్ట దగ్గర చీరలోకి చల్లగా గాలి దూరుతోంది. పక్కన అత్త బోసి చేతులతో తలుపు కమ్మీ పట్టుకుని, కొత్త పెళ్ళికూతురిలా తనలో తనే నవ్వుకుంటోంది. ఆ తర్వాత నేను నిజంగానే ఏడో నెలలో అదే దారిన రైలెక్కాను, కూర్చోడానికి చోటూ దొరికింది. కానీ ఆ సాయంత్రం నిలబడి వచ్చినంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ ప్రయాణం చెయ్యలేదు.