మా మెస్సులో జపాన్ పార్లమెంటు

ఆ రోజుల్లో నా కుళ్ళు దేని మీదో చెబితే ఎవరూ నమ్మరు. బహ్రెయిన్ వచ్చిన మనిషి పక్కవాడి ఓవర్‌టైం చూసో, ఊళ్ళో వాడు వేయించిన స్లాబు చూసో కుళ్ళుకుంటాడు. అందులో తప్పులేదు, అందరికీ ఉన్నదే. నేను మాత్రం జపాన్ దేశపు పార్లమెంటును చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు నవ్వులాటగా ఉంది గానీ, అప్పుడు అన్నం కూడా సయించేది కాదు.

అవాలి అనే ఊరు దాటాక ఉండే మా క్యాంపులో తెలుగువాళ్ళమంతా కలిసి ఒక మెస్ నడుపుకునేవాళ్ళం. ఎక్కువమంది మా జగిత్యాల వైపు వాళ్ళు, కొద్దిమంది గోదావరి జిల్లాల వాళ్ళు. వంటకు వంతులు వేయడం, శుక్రవారం ఏ కూరో తేల్చడం, ఉప్పెక్కువైతే అందరి చేతా తిట్లు తినడం మెస్ లీడర్ పని. ఆ లీడర్ని నేనే. నన్నెవరూ ఎన్నుకోలేదు. నా ముందున్నాయన వీసా అయిపోయి ఇంటికి పోతూ గరిటె నా చేతిలో పెట్టాడంతే. అయినా నా గొప్పతనం గరిటెలో లేదు, నోట్లో ఉంది. శుక్రవారం భోజనాలయ్యాక అందరూ చాపల మీద ఒరిగితే నేను రాజకీయాలు చెప్పేవాణ్ణి. ఏ ఎమ్మెల్యే ఏ పార్టీలోకి దూకుతాడో, ఎవరి టికెట్ ఎందుకు చిరిగిందో ఢిల్లీలో పక్క గదిలో కూర్చుని విన్నట్టు చెప్పేవాణ్ణి. (డ్యూటీలో నేను ప్లంబర్‌కి హెల్పర్ని. ఫోర్‌మన్‌కి నా పేరు గుర్తుండేది కాదు, "ఏయ్ పైప్" అని పిలిచేవాడు. అందుకే వారమంతా ఆ శుక్రవారం కోసమే బతికేవాణ్ణి.)

అంత సుఖంగా ఉన్న చోటికి అమలాపురం దగ్గరి నుంచి ఒక డ్రైవర్ వచ్చి చేరాడు. ఖర్మ కొద్దీ అతని పేరూ శీనే, నా పేరూ శీనే. ముహర్రక్‌లో ఉండే ఒక జపాన్ ఇంజనీరును రోజూ సఖీర్‌లోని సైటుకి తీసుకెళ్ళి తీసుకురావడం అతని డ్యూటీ. ఆ ఇంజనీరుకి తమ దేశపు నాయకులంటే ఒళ్ళుమంట. దారి పొడవునా వచ్చీరాని ఇంగ్లీషులో వాళ్ళను తిట్టిపోస్తుంటే, మావాడు స్టీరింగ్ తిప్పుతూ, తెలియనిది అడుగుతూ ఆ దేశం సంగతంతా పట్టేశాడు.

మొదటి శుక్రవారం నేను మంచి ఊపులో ఉన్నాను. మన ప్రధానిని మనం నేరుగా ఎన్నుకోము, మనం ఎంపీలను పంపిస్తే వాళ్ళలోంచి వస్తాడని చెబుతున్నాను. మూల నుంచి మెత్తగా ఒక గొంతు వినిపించింది. "ఆయ్, జపాన్‌లోనూ అంతేనండి. కాకపోతే అక్కడ కుర్చీ వేడెక్కేలోపు మనిషి మారిపోతాడండి." అందరి మెడలూ అటు తిరిగాయి. అవి మళ్ళీ నా వైపు తిరగడానికి చాలా కాలం పట్టింది.

మా అందరికంటే పెద్దవాడు, నిజామాబాద్ వైపు మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఆయన్ని అందరం మామా అనేవాళ్ళం. చక్రవర్తి ఉండగా మళ్ళీ ప్రధాని ఎందుకని ఆయన అడిగితే, చక్రవర్తి మన రాష్ట్రపతి లాంటివాడే, పాలన ఆయన చేతిలో ఉండదు, కాకపోతే మన దగ్గర ఎన్నుకుంటారు, అక్కడ ఆ వంశంలో పుట్టాలి అని, అప్పటికే అందరికీ జపాన్ శీను అయిపోయిన అతను చెప్పాడు. అక్కడా మనలాగే రెండు సభలట. కానీ మన రాజ్యసభకు ఎమ్మెల్యేలు ఓటేస్తే, అక్కడి పై సభకు కూడా జనమే ఓటేస్తారట. చాలా కాలంగా ఒకే పార్టీది పైచేయి అయినా, లోపల ముఠాలు ఒకదాన్నొకటి లాగుతుంటాయట. అది వినగానే మామకు ఆ దేశం మీద ఎక్కడలేని చుట్టరికం పుట్టుకొచ్చింది. ఓటేసేటప్పుడు బటన్ నొక్కడం కాదు, మనిషి పేరు చేత్తో రాయాలట. ఓటడగడానికి ఇంటింటికీ తిరగడం నేరమట. నేరమనగానే చాపల మీద ఒరిగినవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు.

నేనూ ఊరుకోలేదు. ఫోన్‌లో జపాన్ గురించి చదవడం మొదలుపెట్టాను. (బాత్రూమ్‌లో కూర్చుని చదివేవాణ్ణి, బయట క్యూ పెరిగిపోయేది.) కష్టపడి నేర్చుకున్న ముక్క ఒకటి శుక్రవారం వదిలితే, "అన్నాయ్ కరెక్టుగా చెప్పారండి" అని అతనే అందరికంటే ముందు మెచ్చుకునేవాడు. తప్పు పట్టినా బాగుండేది. చివరికి అతని కబుర్లు నా నోటి గుండానే మా ఇంటికీ పాకాయి. పెళ్ళయిన కొత్తలో వదిలి వచ్చిన నా భార్య వీడియో కాల్‌లో నా ముఖం చూసి, తిన్నావా అని కూడా అడగకుండా, "ఇయ్యాల జపానన్న ఏం చెప్పిండు?" అంది. సిగ్నల్ పోయిందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఇక తాడోపేడో తేల్చుకోవాలనుకున్నాను. ఆ ఆయుధం కూడా అతను చెప్పిందే. జపాన్‌లో ప్రధాని తనకు గాలి అనుకూలంగా ఉన్నప్పుడు కింది సభను రద్దు చేసి ఎన్నికలు పెట్టేస్తాడట. ఒక శుక్రవారం నా చేతి మటన్ బిర్యానీ అద్భుతంగా కుదిరింది. అందరూ తేన్పులతో తృప్తిగా ఉన్న సమయం చూసి లేచి, మెస్ లీడర్ పదవిని రద్దు చేస్తున్నాను, వచ్చే శుక్రవారం ఎలక్షన్ అని ప్రకటించాను. ఆ బిర్యానీ తిన్న నోటితో నా మీద ఎవడు నిలబడతాడనుకున్నాను. గోదావరి వాళ్ళు జపాన్ శీనును నిలబెట్టారు. రద్దు జపాన్ పద్ధతిలో అయింది కాబట్టి ఓటింగ్ కూడా అలాగే జరగాలని మామ తీర్పిచ్చాడు. గది గదికీ చాయ్ పట్టుకుని తిరుగుదామనుకున్న నా ప్లాను అక్కడే ఖలాస్. అతనేమో సైటులో వాడే తెల్ల గ్లౌజులు ఉతికి తొడుక్కుని, అక్కడి అభ్యర్థులు ఇలాగే చేస్తారంటూ, నీళ్ళ కూలర్ దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళకు చేతులూపుతూ నడుం వంచి దండాలు పెట్టాడు. జనానికి భలే నచ్చింది.

లెక్కింపు రోజున చిక్కొచ్చి పడింది. కొన్ని చీటీల మీద జగిత్యాల శీను, కొన్నిటి మీద జపాన్ శీను అని ఉంది. మిగతా వాటి మీద ఉట్టి శీను అని ఉంది. మామ ఆ చీటీలు పట్టుకుని, "ఏ శీను అనుకోవాల్నే ఇప్పుడు?" అని మా ఇద్దరి ముఖాలూ చూశాడు. ముందు నుంచీ ఉన్న శీను నేనే కాబట్టి అవన్నీ నావేనన్నాను. అక్కడ ఇలాంటప్పుడు ఏం చేస్తారని మామ అతన్ని అడిగాడు. అతను ఇబ్బంది పడుతూనే చెప్పాడు: స్పష్టంగా పడిన ఓట్లు ఎవరికెన్నో చూసి, ఆ పాళ్ళ ప్రకారం తేలని ఓట్లను ముక్కలు చేసి పంచుతారట. స్పష్టమైనవి అతనికే ఎక్కువ. పంపకం అయ్యేసరికి నేను ఓడిపోయాను. నా వాటాకి కొన్ని నిండు ఓట్లు, పైన ఒక ఓటు ముక్క వచ్చాయి. ఆ ముక్క ఎవరిదో, ఆ మనిషికి నా మీద ప్రేమ అంతవరకే ఎందుకు ఆగిపోయిందో ఎంత ఆలోచించినా తేలలేదు.

అతని పాలన బాగానే సాగింది, అదే నా బాధ. అయితే ఎండలు ముదిరాక ఒకసారి ఫ్రిజ్ పాడై, కోడికూర తిన్న సగం మంది కడుపులు పట్టుకుని డ్యూటీకి పోయారు. నాకు లోపల్లోపల పండగలా ఉంది. ఇప్పుడు ఫ్రిజ్‌ని తిడతాడు, కోడి అమ్మిన కొట్టువాణ్ణి తిడతాడు, చివరికి పాత లీడరైన నన్ను తిడతాడు, అప్పుడు చూసుకుందామని కాచుకున్నాను. (నేనైతే అదే వరసలో తిట్టేవాణ్ణి.) భోజనాల దగ్గర అతను లేచాడు. టోపీ తీసి, నడుం దాకా వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఫ్రిజ్ పాడవడం నా చేతిలో లేదండి. వడ్డించే ముందు చూసుకోవడం నా పనండి. చూసుకోలేదు. నేను దిగిపోతున్నాను. అన్నాయ్, మళ్ళీ మీరే చూసుకోవాలి."

అప్పటికీ కడుపునొప్పి తగ్గని మామ కండువాతో కళ్ళు తుడుచుకుని, "మనోళ్ళల్ల ఒక్కడన్న గిట్ల కుర్సీ దిగుతడా?" అన్నాడు. చప్పట్లు మోగాయి. గరిటె నా చేతికొచ్చింది, చప్పట్లు అతనికి పోయాయి. పదవి పోగొట్టుకున్నవాణ్ణి చూసి కుళ్ళుకోవడం అప్పుడే మొదటిసారి.

ఇక నాకూ రాజీనామా చేయాలని ఒకటే ఉబలాటం. ఏదైనా ఘోరం జరగకపోతుందా అని ఎదురుచూశాను. నా కర్మకి ఫ్రిజ్ కొత్తది వచ్చింది, కూరలన్నీ కుదురుతున్నాయి. ఎట్టకేలకు ఒకనాడు పప్పు అడుగంటింది. వెంటనే వెళ్ళి అందరి ముందు నిలబడి, నడుం దాకా వంగి, పూర్తి బాధ్యత నాదేనని, పదవి వదులుకుంటున్నానని చెప్పాను. వంగినవాణ్ణి వంగినట్టే ఉన్నాను, ఎంతకీ చప్పట్లు లేవు. మామ ముద్ద మింగి, "పప్పు మాడితే రాజీనామా ఏందిరా. పో, గిన్నె తోముపో" అన్నాడు. వెళ్ళి గిన్నె ముందేసుకుని కూర్చున్నాను. జపాన్ శీను మాత్రం లేచొచ్చి నా పక్కన కూర్చుని పీచు అందుకున్నాడు. ఇద్దరం కలిసి ఆ గిన్నె తోమాం.

ఇప్పుడు నేనూ ఒక చిన్న ఫోర్‌మన్ని. జీతం, బీపీ, పిల్లల ఫీజులు, ఆలోచించడానికి అన్నీ పెద్ద విషయాలే. దూరదేశపు పై సభ గురించి అన్నం మానేసేంత తీరిక ఎక్కడిది? ఈ వయసులో కుళ్ళు తగ్గిందంటారు గానీ అబద్ధం. బాత్రూమ్ తలుపు బాదుతున్నా పట్టించుకోకుండా జపాన్ రాజ్యాంగం చదువుకున్న ఆ పిచ్చి హెల్పర్‌ను తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ వెనకే వాణ్ణి చూసి కాస్త కుళ్ళు కూడా పుడుతుంది.