అక్క తాకి వదిలేసిన బంతి

పాత పెట్టె తెరవగానే తోలు, కొబ్బరినూనె కలిసిన వాసన గుప్పుమంది. అడుగున నా సాఫ్ట్‌బాల్ గ్లవ్ ఉంది. తోలు పగలకుండా స్కూల్లో వారం వారం దానికి కొబ్బరినూనె పట్టించేవాళ్ళం.

ఏడో తరగతిలో నిడదవోలులో మ్యాచ్. చివరి ఇన్నింగ్స్‌లో మాకు ఒక్క పరుగు కావాలి. నేను మూడో బేస్ మీదున్నాను; అక్కణ్ణుంచి హోమ్ బేస్‌కి పరిగెత్తి చేరితే ఆ పరుగు వచ్చినట్టే. బ్యాట్ పట్టింది పదో తరగతి నాగమణక్క. ఉప్పాడ నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. ఆమె కొడితే బంతి గోడ దాటాల్సిందే.

పీఈటీ సారు ఆమె దగ్గరికెళ్ళి, "నువ్వు చచ్చినా పర్లేదమ్మా, దాన్ని ఇంటికి చేర్చు" అన్నారు.

దాన్ని అంటే నన్నని, ఇల్లంటే హోమ్ బేస్ అని నాకు తెలుసు. చచ్చినా అంటే మాత్రం ప్రాణం పెట్టి కొట్టమని అనుకున్నాను.

అక్క బ్యాట్ ఊపనేలేదు. అడ్డంగా పెట్టి, పసిపాప బుగ్గ నిమిరినట్టు బంతిని తాకింది. అది నాలుగడుగులు దొర్లి దుమ్ములో ఆగింది. వాళ్ళు దాన్ని అందుకునేసరికి నేను హోమ్ బేస్ మీద బోర్లా పడ్డాను. అప్పుడు బంతిని మొదటి బేస్‌కి విసిరి, అక్క అక్కడికి పరిగెత్తి చేరేలోపే ఆమెను అవుట్ చేశారు.

నాకు జాలేసింది. "సరిగ్గా తగల్లేదా అక్కా?" అన్నాను.

నా గౌను దుమ్ము దులుపుతూ నవ్వింది. "తగలాల్సినంతే తగిలిందే పిచ్చిదానా. కబడ్డీలో చచ్చినట్టే ఇదీను. సారు చావమన్నారు, చచ్చాను."

గోడ దాటించగల ఆ చేతులు అంత మెత్తగా ఎలా తాకాయో నాకిప్పటికీ అబ్బురమే. ఆ రోజు అందరూ ఎత్తుకుని తిప్పింది మాత్రం నన్ను.