మగ్గం ఇంట్లో మైక్రోఫోన్

2022లో నేను మదనపల్లెలో ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. పుంగనూరు, కుప్పం వైపు నుంచి కూడా పిల్లలు వచ్చేవాళ్లు. వినపడనివాళ్లకు చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయినవాళ్లు చెవి వెనక పెట్టుకునే సౌండ్ ప్రాసెసర్‌ను సరిచేయడం నా పని. అందులో సెన్సిటివిటీ అని ఒకటి ఉంటుంది. మైక్రోఫోన్ ఎంత చిన్న శబ్దాన్ని, ఎంత దూరం నుంచి అందుకోవాలో దానితో మారుస్తాం. పెంచితే గది అవతలి గుసగుస కూడా లోపలికి వస్తుంది.

మా పరీక్ష గది గోడల నిండా మెత్తలే. తలుపు వేస్తే నీళ్ల అడుగున కూర్చున్నట్టు ఉండేది. ఆ నిశ్శబ్దంలో నాలుగేళ్ల చందన నా గుసగుసకు తల తిప్పాలని సెన్సిటివిటీ బాగా పెంచాను. తిప్పింది. నా రిపోర్టు అందంగా వచ్చింది.

తర్వాత వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ రెడ్డెమ్మది ఒకటే మాట. "ఇంట్లో పెట్టుకోదు సార్. పెడ్తే ఏడ్సి, పెరికి పారేస్తాది."

"అలవాటు చేయాల్సింది నువ్వే కదమ్మా!" అని భర్త మల్లప్ప ముందే ఆమెను కసిరాను. ఫైల్లో 'తల్లి అశ్రద్ధ' అని రాశాను. వాళ్ల ఇల్లు ఎలా ఉంటుందో ఒక్కసారీ అడగలేదు.

ఎనిమిది నెలలైనా పాపకు ఒక్క మాటా రాలేదు. అప్పుడు వాళ్లింటికి వెళ్లాను. ముందుగదిలో మల్లప్ప పట్టు నేస్తున్నాడు. ఎండ చారలో పోగులు నీటి మీది వెలుగులా కదులుతున్నాయి. పాప ప్రాసెసర్‌కు మానిటర్ ఇయర్‌ఫోన్ తగిలించి నా చెవిలో పెట్టుకున్నాను. మైక్రోఫోన్‌లోకి వెళ్లేది మనకు వినిపించే సాధనం అది. లోపల మగ్గం మోత తప్ప మరేమీ లేదు. ఎదురుగా రెడ్డెమ్మ పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. కలలో మనవాళ్లెవరో పిలుస్తూ ఉంటారు, మనకు మాత్రం వినపడదు. అలా ఉంది. రోజూ ఆ పాపను అందులోకి తోసింది నేనే.

సెన్సిటివిటీని మెట్టుమెట్టుగా తగ్గించాను. మగ్గం మెల్లగా దూరం జరిగింది. దగ్గరి గొంతు పైకి తేలింది. అప్పుడు పాపకు పెట్టాం. ఆమె చెయ్యి చెవి దాకా వెళ్లి, అక్కడే ఆగి, కిందికి దిగింది. రెడ్డెమ్మ వంగి "చందనా" అంది. పాప తల తిప్పి చూసింది.

"తప్పు నాదమ్మా. నిన్ను అన్నాను" అన్నాను.

రెడ్డెమ్మ కళ్లు తుడుచుకుంది. "నాకు సెప్తే ఏం లాభం సార్? మా అత్తకు సెప్పు. వీధంతా తిరిగి నన్నే ఆడిపోసుకుంటాండాది. గట్టిగా సెప్పు, మగ్గం కాడ ఆమె చెవులూ పోయినాయి."

గడపలో కూర్చున్న అత్త చెవికి చెయ్యి ఆనించింది. "ఏమంటాండాడు ఆయప్ప?"

"తప్పు నీ కోడలిది కాదవ్వా! నాది!" అని అరిచాను. సరిగ్గా అప్పుడే మల్లప్ప మగ్గం ఆపాడు. నా మాట వీధిలోకి వెళ్లిపోయింది. ఎదురింటివాళ్లు తొంగిచూశారు.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "అట్లనా అప్పా? మరి ఇన్నినాళ్లు యాల సెప్పలేదు?"



తిరిగి వెళ్లగానే ఫైల్లో 'తల్లి' అన్నది కొట్టేసి నా పేరు రాశాను. ఇప్పుడు కొత్త పిల్లలు వస్తే, ఏదీ మార్చకముందే, "మీ ఇంట్లో పొద్దున్నించి ఏమేం మోగుతాయమ్మా?" అని అడుగుతాను. చందనకు మాటలు వచ్చాయి, ఆలస్యంగా. మాటలు నేర్చే వయసులో ఆమె పోగొట్టుకున్న ఎనిమిది నెలలను మాత్రం నేను తిరిగి ఇవ్వలేకపోయాను.