మామ్మగారి ఆమేన్

మా చర్చిలో ఎవరినైనా తిట్టాలంటే ప్రార్థన చేసేవారు. బయట అరుగు మీద తిడితే ఎదుటివాడు ఊరుకోడు, మాటా మాటా పెరుగుతుంది. ప్రార్థనలో తిడితే ఆ ఇబ్బంది లేదు. తిట్లు తినేవాడు కళ్ళు మూసుకుని, తల వంచుకుని, చివర్న ఆమేన్ కూడా అనాలి. ఈ సౌకర్యం ఎవరు కనిపెట్టారో తెలియదు కానీ, మా సంఘపెద్ద గారికి అందులో మంచి చెయ్యి ఉండేది. "ప్రభువా, మా యవ్వనస్థులలో కొందరు వాక్యము ముగియు వేళకు మందిరమునకు వచ్చుచున్నారు, వారి నిద్రను తగ్గించుము తండ్రీ" అని ఆయన అనగానే సగం చర్చి ఒక కన్ను తెరిచి నా వైపు చూసేది. నేను అందరికంటే గట్టిగా ఆమేన్ అనేవాణ్ణి. ఏం చేస్తాం, లేచి నిలబడి సైకిలు పంక్చరైందని దేవుడికి సంజాయిషీ ఇచ్చుకోలేం కదా.

ఇది తొంభైల చివరి మాట. కడియం అవతల, నర్సరీల మధ్యలో ఒక రేకుల షెడ్డు మా మందిరం. సంఘంలో ఎక్కువమంది ఆ నర్సరీల్లో పనిచేసే ఆడవాళ్ళే. ఆరు రోజులు ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపి మొక్కలు నాటి, ఏడో రోజు తెల్లచీర కట్టుకుని, తల మీద కొంగు వేసుకుని వచ్చి ఎడమవైపు చాపల మీద కూర్చునేవారు. కుడివైపు మగవాళ్ళు. వేదిక మీద పాస్టరు గారు, ఆయన పక్కన నేను. రాజమండ్రిలో డిగ్రీ చదివి వచ్చి ఊళ్ళో కాన్వెంటులో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. నాకు పాస్టరు గారి పక్కన కూర్చునే అర్హత ఎలా వచ్చిందంటే, నాకు కీబోర్డు వచ్చు.

వచ్చు అంటే, ఆరు నెలలు సాయంత్రాలు ఒక మాస్టారి దగ్గర నేర్చుకున్నాను. మా సంఘంలో ఒకావిడ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి, వస్తూ వస్తూ చర్చికి కానుకగా ఒక కీబోర్డు తెచ్చారు. అది వచ్చిన రోజునే పాత హార్మోనియం అటకెక్కింది. డోలక్ వాయించే ఆయనకి ఇక మీరు హాయిగా ఆరాధన చేసుకోవచ్చని చెప్పాను, ఇన్నాళ్ళూ ఆయన చేస్తున్నది ఇంకేదో అయినట్టు. కీబోర్డులో వంద దరువులున్నాయి. నాకు పనికొచ్చేవి రెండు. ఒక గుడ్ ఫ్రైడే నాడు వేలు జారి మూడోది నొక్కాను. సిలువ మోసే పాటకి డిస్కో దరువు పడింది. దాన్ని ఆపడం ఎలాగో నాకు మాస్టారు చెప్పలేదు. చరణం అయ్యేదాకా అలాగే వాయించి, అది కొత్త పద్ధతి అన్నట్టు మొహం పెట్టాను. పాస్టరు గారు బాగుందన్నారు. ఆ మాటతో నాకు కొమ్ములొచ్చాయి.

ఇంత వైభవానికీ అడ్డం ఒక్కరే, మామ్మగారు.

అసలు పేరు పిలిచేవారు ఎవరూ లేరు, ఊరందరికీ మామ్మే. డెబ్బై దాటినా నర్సరీకి పనికి వెళ్ళేవారు. ఆడవాళ్ళ వైపు సరిగ్గా మధ్యలో కూర్చునేవారు. గొంతు నూనె పెట్టని తలుపులా ఉండేది, దానికి నేనేం అనను, దేవుడిచ్చిన గొంతు. నా బాధ వేరు. అందరూ ఒక పంక్తి పాడుతూ దాని చివరికి రాకముందే ఆవిడ తరవాతి పంక్తి అందుకునేవారు. అదీ పాడడం కాదు, సగం పాటా సగం మాటా, గబగబా ఒప్పజెప్పినట్టు అనేసి, మళ్ళీ అందరితో కలిసి అదే పంక్తిని రాగంగా పాడేవారు. ప్రతి పాటా రెండుసార్లు. నేను అటు సాగదీసి ఒక స్వరం పట్టుకుని కళ్ళు మూసుకుంటే, ఇటు మామ్మగారు చరణం మీదికి వెళ్ళిపోయేవారు. హుషారు ఎక్కువ, తాళం తక్కువ అని తీర్మానించుకున్నాను.

ఆ రోజుల్లో ప్రతి చర్చీ ఒక పాటల క్యాసెట్ విడుదల చేసేది. పక్క ఊరివాళ్ళది వచ్చేసింది, మాది రాలేదు. పాస్టరు గారికి రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు, ఆయన దాన్ని భారం అనేవారు. మే నెలలో రాజమండ్రి నుంచి ఒక పెద్ద ప్రసంగీకుడు వస్తున్నారు కాబట్టి ఆ ఆదివారం ఆరాధన మొత్తం రికార్డు చేసి క్యాసెట్ వేద్దామన్నారు. క్రిస్మస్ అయ్యాక ఒకసారి చూసుకుందామని టేప్ రికార్డర్ పెట్టి పాటలు రికార్డు చేశాను. ఇంటికి తెచ్చి వింటే నా కీబోర్డు ఎక్కడో దూరంగా ఉంది. ముందంతా మామ్మగారే.

పెద్దావిడకి ఎలా చెబుతాం అని పాస్టరు గారు నసిగారు. నువ్వే ప్రార్థనాపూర్వకంగా చూడు అన్నారు. ఆయన ఉద్దేశం ఏమిటో నాకు తెలియదు, నేను మాత్రం అక్షరాలా చూశాను. మరుసటి ఆదివారమే పాటలయ్యాక మైకు తీసుకుని కళ్ళు మూసుకున్నాను.

"ప్రభువా, నీ సన్నిధిలో పాటకంటె ముందుగా పరుగెత్తు స్వరములను నిమ్మళపరచుము. తాళములో నిలుచు కృప దయచేయుము. లేనియెడల మౌనముగా నిన్ను స్తుతించు మనస్సునైనను దయచేయుము తండ్రీ."

సంఘపెద్ద గారు నా వైపు మెచ్చుకోలుగా చూశారు. శిష్యుడు చేతికి అందివచ్చాడన్న తృప్తి ఆ చూపులో ఉంది. ప్రార్థన ఎవరి గురించో చీపురుపుల్లకి కూడా అర్థమైంది. మామ్మగారికీ అర్థమైంది. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఆవిడే.

తరవాతి వారం నుంచి ఆవిడ నోరు విప్పలేదు. పెదవులు కూడా కదపలేదు. నా కీబోర్డు అద్దంలా తేటగా వినిపించింది. చంకలు గుద్దుకున్నాను. పాటలన్నీ కాగితాల మీద రాసి, రాజమండ్రిలో జిరాక్స్ తీయించి, ఒక్కొక్కరికీ ఒక్కో కాగితం పంచాను, ఇక తప్పులు పోవాలని. ఆడవాళ్ళు వాటిని ఎంతో భద్రంగా మడతపెట్టి బైబిలు సంచిలో పెట్టుకున్నారు.

ఒకటే లోపం. ఆడవాళ్ళ వైపు నుంచి పాట రావడం తగ్గిపోయింది. పల్లవి వరకు వచ్చేది, చరణం దగ్గర ఆగేది. పదో తరగతి దాకా చదివిన ముగ్గురు అమ్మాయిలు మాత్రం సన్నగా పాడేవారు. నేను కీబోర్డు సౌండు పెంచాను. అయినా రాలేదు. ఇంకాస్త పెంచాను. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడికైనా మద్దెల మీదే అనుమానం, నాకు మాత్రం వాళ్ళ భక్తి మీద అనుమానం వచ్చింది. పాస్టరు గారితో చెబితే ఆయన నులివెచ్చని విశ్వాసం గురించి వరసగా రెండు వారాలు ప్రసంగించారు. ఆడవాళ్ళు తలలు వంచుకుని విన్నారు, పాపం ఒప్పుకున్నారు, మళ్ళీ చరణం దగ్గర ఆగిపోయారు. ఒకసారి సంతోషంగా చప్పట్లు కొట్టే పాట పాడుతుంటే ముందు వరసలో ఒకావిడ గుడ్ ఫ్రైడే పాట కాగితం పట్టుకుని అందులోకి చూస్తున్నారు. కాన్వెంటులో టీ తాగుతూ ఈ సంగతి చెప్పి అందరినీ నవ్వించాను. లెక్కల మాస్టారిని కదా, రెండూ రెండూ కలపడం మాత్రం రాలేదు.

మే నెల ఆదివారం వచ్చింది. ప్రసంగీకుడు గారు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లతో వచ్చారు. వేదిక ముందు టేప్ రికార్డర్ పెట్టాం. కరెంటు మీద నమ్మకం లేక దానికి కొత్త బ్యాటరీలు వేయించాను. కీబోర్డు సంగతి ఎందుకు తట్టలేదో దేవుడికే తెలియాలి. మొదటి పాట గండం లేకుండా గడిచింది. రెండో పాట పల్లవి అయ్యి చరణం ఎత్తుకోబోతుండగా కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి, మైకు ఆగింది, కీబోర్డు నా వేళ్ళ కింద చచ్చిపోయింది. టేప్ రికార్డర్ ఒక్కటే బ్యాటరీల పుణ్యమా అని తిరుగుతూనే ఉంది. నేను గొంతెత్తాను. మైకు లేకపోతే నా గొంతు మూడో వరస దాటదని అప్పుడే తెలిసింది. మగవాళ్ళు ప్రతి పంక్తికీ చివరి మాట ఒకటి పట్టుకుని గొణిగారు. ఆడవాళ్ళ వైపు నుంచి కాగితాల చప్పుడు తప్ప ఏమీ లేదు. నా జిరాక్స్ కాగితాలు వాళ్ళకి మొదటిసారి పనికొచ్చాయి, విసురుకోవడానికి. క్యాసెట్‌లో నిశ్శబ్దం రికార్డవుతోంది. అరవై మంది ఆడవాళ్ళూ మామ్మగారి వైపు చూస్తున్నారు. ఆవిడ చాప వైపు చూస్తున్నారు.

వేదిక దిగి అటు వెళ్ళాను. కోపంగానే వెళ్ళాను. మామ్మగారి పక్కనున్నావిడని, పాటలన్నీ వచ్చి కూడా ఎందుకు పాడరని అడిగాను.

ఆవిడ నా మొహంలోకి వింతగా చూసింది. "మాకు సదువు రాదు కదండి. మామ్మ ముందు మాట అందిత్తే ఎనకాల మేం పాడతాం. ఇన్నేళ్ళూ అలాగే కదండి."

ఆ వేసవిలో ఒళ్ళు చల్లబడింది. మామ్మగారు పాటకి ముందు పరుగెత్తలేదు. చదువురాని అరవై మందికి, తనకీ చదువు రాకపోయినా, విని కంఠస్థం చేసిన ప్రతి పంక్తినీ ముందుగా అందించి, ఆ తరవాత వాళ్ళతో కలిసి పాడేవారు. నేను పుట్టినప్పటి నుంచి ఆ షెడ్డులోనే పెరిగాను. పాస్టరు గారు పదేళ్ళుగా అక్కడే ఉన్నారు. మా ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే మేము చదువుకున్నవాళ్ళం. సిగ్గుతో నాకు తల ఎత్తుకోవాలనిపించలేదు.

చాప అంచున కూర్చుని, మామ్మగారూ, మీరు మాట అందించండి, పాట సాగనివ్వండి అని అడిగాను. ఆవిడ వెంటనే ఒప్పుకుంటారనుకున్నాను. ఇన్నాళ్ళూ ఎప్పుడు అడుగుతారా అని ఎదురుచూస్తున్నారనుకున్నాను. అంత తెలివి నాది.

"మీరు దేవుణ్ణి అడిగారు కదండి బాబూ, నేను ఆమేన్ అన్నాను," అన్నారు ఆవిడ. "ఇప్పుడు నోరు తెరిత్తే మాట తప్పినట్టవదాండి? నాదేవుందండి, ఇంటికాడ పాడుకుంటాను. ఈళ్ళే పాపం. నాలుగు నెలల్నించి దేవుడితో ఒక్క ముక్కయినా చెప్పుకోకుండా వచ్చెళ్ళిపోతన్నారు."

నేను అది ఉత్త ప్రార్థనేనని, అంత పట్టించుకోనక్కరలేదని చెప్పబోయాను. వేదిక మీద ప్రసంగీకుడు గారు, కింద పాస్టరు గారు వింటున్నారు, వాళ్ళిద్దరి మధ్యా టేప్ రికార్డరూ వింటోంది. ఉత్త ప్రార్థన అనే మాట చర్చిలో నిలబడి అనడానికి నాకు నోరు రాలేదు. పైగా ఆ సంఘంలో నా ప్రార్థనని నిజంగా ప్రార్థన అనుకున్నది ఆవిడొక్కరే.

"మళ్ళీ మీరే అడగండి," అన్నారు మామ్మగారు. "ఆయన సరేనంటే అందిత్తాను. ఆయ్."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కినప్పుడు మైకుంది, కడుక్కోవడానికి మైకు లేదు. లేచి నిలబడ్డాను. సంఘపెద్ద గారు రెండు కళ్ళూ తెరిచే ఉంచారు. నేను కళ్ళు మూసుకుని "పరిశుద్ధుడవైన తండ్రీ" అన్నాను. అది అలవాటైన మాట, వచ్చింది. "కృపామయుడా" అన్నాను, అదీ వచ్చింది. "నేను" అన్నాను. అంతే, అక్కడ ఆగిపోయాను. ఇన్నేళ్ళలో నా ప్రార్థనల్లో ఎప్పుడూ ఆ మాట తరవాత చెప్పాల్సింది ఏమీ ఉండేది కాదు, అవన్నీ ఇతరుల గురించే. చెమట కాలర్ లోపలికి కారుతోంది.

నాకు తరవాతి మాట గుర్తు రావడం లేదనుకున్నారు మామ్మగారు. ఆవిడకి తెలిసిన పని ఒక్కటే కాబట్టి, పాటకి అందించినట్టే, నా మోకాలి పక్క నుంచి గబగబా మెల్లగా, "తప్పిపోయాను తండ్రీ, క్షమించు" అని అందించారు. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఇసుమంతైనా లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

నాలుగు నెలలుగా ఆ గొంతు కోసమే కాచుకుని ఉన్న ఆడవాళ్ళకి ఇక ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. అలవాటు ప్రకారం అరవై మందీ ఒక్కసారిగా, రేకులు అదిరేటట్టు, తప్పిపోయాను తండ్రీ, క్షమించు అన్నారు. ఏ తప్పూ చెయ్యనివాళ్ళందరూ అనేసిన తరవాత, అందరికంటే ఆఖర్న, నేను అన్నాను.